నీళ్లకు తోడు

పదిహేడేళ్లు వచ్చేదాకా పరుగంటే ఒంట్లో బలమంతా మొదట్లోనే పెట్టెయ్యడమని అనుకునేవాణ్ని. మా బడి డ్రిల్లు మాస్టారు ఆ ఏడు బళ్లారిలో జరిగే ఆటల పోటీలకు మైలు పందెంలో నా పేరు రాసుకున్నాడు. నేను పొడుగ్గా ఉన్నాను, అందుకని రాసుకున్నాడు. అంతకు మించి ఆయన దగ్గర కారణమేమీ లేదు, నా దగ్గరా లేదు.

మా క్యాంపు బళ్లారి జిల్లాలో ఎమ్మిగనూరు దగ్గర కాలువ కింద ఉండేది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి తుంగభద్ర నీళ్ల కింద నల్లరేగడి కొనుక్కున్న కొన్ని కుటుంబాలం ఒకచోట ఇళ్లు వేసుకుంటే చుట్టుపక్కల వాళ్లు క్యాంపు అన్నారు, ఆ పేరే ఉండిపోయింది. తెల్లారగానే కాలువగట్టు మీద పరుగు సాధన చేసేవాణ్ని. ఆ రోజుల్లో పనిలేకుండా పరిగెత్తే మనిషిని మా వైపు ఎవరూ చూసి ఎరగరు. మొదటిరోజే ఒక రైతు బండి ఆపి, "ఏందప్పా, ఎద్దులేమన్నా తప్పిచ్చుకున్నాయా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అదీ కాదన్నాను. ఇంకా అడిగితే బాగుండదనుకున్నాడు కాబోలు, జాలిగా ఒక చూపు చూసి బండి తోలుకుపోయాడు.

నా పరుగు ఎలా ఉండేదంటే, మొదటి వంతెన దగ్గర పులి తరుముతున్నట్టు బయల్దేరేవాణ్ని. రెండో మలుపు వచ్చేసరికి డొక్కలో పోటు, నోట్లో తడి ఉండదు, మోకాళ్ల మీద చేతులు. కాసేపు కూలబడి, లేచి మళ్లీ అదే దూకుడు, మళ్లీ అదే కూలబడటం. తప్పు నా పద్ధతిలో ఉందేమోనన్న అనుమానమే రాలేదు. ముందు రాత్రి తిన్న పప్పు మీద తోసేవాణ్ని, గట్టు మీది గులకరాళ్ల మీద తోసేవాణ్ని, ఒక్కోసారి మాస్టారి మీద కూడా తోసేవాణ్ని.

ఇక మా అత్త సంగతి చెప్పాలి. మా నాన్నకు చెల్లెలు. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది, మాతోపాటే ఈ ప్రాంతానికీ వచ్చింది. నా తర్వాత మా అమ్మకు వరసగా పిల్లలు పుట్టడంతో నన్ను పెంచింది ఆవిడే అనాలి. మా తాత పోయేముందు ఆవిడ పేరిట రెండెకరాలు రాశాడు. అది కాలువకు చిట్టచివర, నీళ్లు అందితే అందినట్టు, లేకపోతే లేదు. దాన్ని మా పొలంలో కలిపేసి ఊరుకుంటే సరిపోయేదానికి, కాదు నేనే చేసుకుంటానని పట్టుబట్టింది. ఆవిడ నోరు మూతపడటం ఆవిడ నిద్రపోతున్నప్పుడే చూశాను. నిద్రలో కూడా అప్పుడప్పుడూ ఎవరినో కేకలేస్తుండేది.

నాన్న చెడ్డవాడు కాదు. చెల్లెలు చీర ఎగదోపుకుని పార భుజాన వేసుకుని గట్ల మీద తిరుగుతుంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆయన బాధ. పైగా పోయినేడు ఆవిడ నారు ఎండిపోయి రెండెకరాలూ బీడు పడ్డాయి. ఈ ఏడు తొలకరి వాన నమ్ముకుని మళ్లీ నారు పోసింది. మొలకైతే వచ్చింది గాని ఆ తర్వాత మబ్బు జాడ లేదు. నారు పసుపు రంగుకు తిరిగింది. కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు.

సరిగ్గా అప్పుడే కృష్ణా జిల్లాలోని మా పాత ఊరి నుంచి బాబాయీ పిన్నీ చూసిపోదామని వచ్చారు. వాళ్ల తిరుగు ప్రయాణం రోజు ఖాయమైన సాయంత్రం నాన్న అత్తతో అన్నాడు: "అమ్మాయ్, ఈసారీ నారు నిలవకపోతే వీళ్లతో ఊరెళ్లిపో. పెద్దన్నయ్య ఇంట్లో నీకు తిండికీ నీడకీ లోటుండదు. ఈ పొలం సంగతి నేను చూసుకుంటా."

అత్త పప్పు రుబ్బుతోంది. చెయ్యి ఆపకుండా, "నిలిస్తే?" అంది.

"నిలిస్తే నీ ఇష్టం."

"సరే. అందరూ విన్నారుగా" అంది. ఆ రాత్రే ట్రంకుపెట్టె సర్దేసుకుంది. ఎందుకత్తా ఇప్పుడే అంటే, "సర్దకపోతే మాట తప్పుతాననుకుంటాడు మీ నాన్న" అంది. పెద్దనాన్న ఇల్లంటే ఏమిటో నాకు తెలుసు. వంటింటి మూల, తులసికోట, మళ్లీ వంటింటి మూల. అక్కడ మా అత్త మాటలు వినేవాళ్లెవరుంటారని నాకు దిగులు పట్టుకుంది.

బాబాయి వాళ్ల ప్రయాణానికి ముందురోజు పొద్దున మా పిల్లకాలువకు నీళ్లు వదులుతారని కబురొచ్చింది. మా పిల్లకాలువ ఏడెనిమిది మైళ్లుంటుంది. వేసవంతా ఎండి ఉన్న కాలువకు మొదటిరోజు నీళ్లొచ్చినప్పుడు, అవి చివరి మడి తాకేదాకా మధ్యలో ఎవరూ తూము ఎత్తకూడదని పాత ఊళ్ల పెద్దలూ మా క్యాంపుల వాళ్లూ కూర్చుని కట్టుబాటు చేసుకున్నారు. చివరి పొలాల వాళ్లు ఏడాదికొక ఇంటివారుగా నీళ్లకు తోడు పోవాలి. తోడు వెళ్లిన మనిషి గట్టు మీద నీళ్లతోపాటే వస్తూ, తూము తగిలినప్పుడల్లా దాని మూత పలక దించి ఉందని చూసుకుని, అక్కడొక వేపమండ కట్టి ముందుకు సాగాలి. మండ కట్టిన తూమును సాయంత్రం దాకా ఎవరూ ముట్టరు. ఆ ఏడు వంతు మా అత్తది. ఆడమనిషి పోవడమేమిటని నాన్న. నేను వెళ్తానన్నాను. ఇంట్లో పరుగుల వీరుణ్ని నేనుండగా ఇంకొకరెందుకని నా ధీమా.

తెల్లవారుజామునే వేపమండల మోపు భుజాన వేసుకుని కాలువ మొదట్లో నిలబడ్డాను. కాలువ కాపలా చూసే లస్కరు తలుపు ఎత్తాడు. నీళ్లు ఉరికొస్తాయనుకున్నాను. అవి రాలేదు, పాకాయి. ఎండిన కాలువలో నీళ్లొచ్చే తీరు చూసినవాళ్లకే తెలుస్తుంది. ముందు నురగ, ఆ నురగ మీద గడ్డిపరకలూ మేకపెంటికలూ చీమలూ. ప్రతి నెర్రెలోకీ దిగి, అది నిండాక గాని ముందుకు జరగవు. గుంత వస్తే ఆగిపోతాయి, గుంత నిండాక మళ్లీ కదులుతాయి. పక్కనే కొంగలు తీరిగ్గా నడుస్తూ పురుగులు ఏరుకుంటున్నాయి. వీటితో నేను నడవాలా అనిపించింది. ముందే వెళ్లి తూములన్నిటికీ మండలు కట్టేస్తే పని అయిపోతుంది కదా. నీళ్లు వాటి తీరికను బట్టి అవే వస్తాయి.

అంతే, ఉరికాను. డొక్కలో పోటు వచ్చినప్పుడు కూలబడ్డాను, తగ్గాక మళ్లీ ఉరికాను. ప్రతి తూము దగ్గరా పలక దించి ఉందని చూశాను, మండ కట్టాను. పొద్దు నడినెత్తికి రాకముందే చివరి పొలానికి చేరాను. లోపల గర్వంగా ఉంది. అత్త నారుమడి గట్టు మీద కూర్చుని ఉంది.

"అన్నిటికీ కట్టేశానత్తా" అన్నాను, కూలబడుతూ.

"బాగానే ఉంది. నీళ్లేవి?"

"వస్తున్నాయి."

అత్త కాలువలోకి చూసింది, నా వైపు చూసింది. "వాటికి తోడెవరున్నారు?" అంది.

చెట్టు నీడన కాసేపు పడుకుని, ఆ తర్వాత చూద్దామన్నాను. అత్త పడుకోనివ్వలేదు. కండువా తలకు చుట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, గట్టు ఎక్కి పైకి నడవడం మొదలుపెట్టింది. నేనూ లేచాను.

ఆ ఎండలో ఆ గట్టు మీద జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నేను పరిగెత్తి అత్తను దాటిపోతాను. కొంత దూరం పోయి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగుతాను. అత్త అదే నడకతో వచ్చి నన్ను దాటిపోతుంది. ఊపిరి తీసుకుని నేను మళ్లీ ఉరుకుతాను, మళ్లీ ఆగుతాను, ఆవిడ మళ్లీ దాటిపోతుంది. అదేం నడక అంటే చెప్పలేను. వేగం కాదు, నెమ్మదీ కాదు. సంతలో నచ్చిన సామాను కోసం తిరిగే మనిషి నడక.

పైగా నోరు ఆగితేనా. "మీ బడిలో కన్నడం చెప్పే అయ్యవారికి పెళ్లయిందిట్రా?" అని అడుగుతుంది. నేను రొప్పుతున్నాను. "నిన్నేరా. పలకవేం?" రొప్పులోనే తలూపుతాను. "తలూపితే నాకేం తెలుస్తుంది, అయిందనా, కాలేదనా? పలకవేం?" మా అత్తకు కోపమొచ్చే విషయాలు ఎక్కువేం లేవు గాని, అడిగినదానికి జవాబు చెప్పకపోవడం వాటిలో మొదటిది. నారు ఎండిపోతున్నా, రేపు పెట్టెతో బండెక్కాల్సి వచ్చినా, అయ్యవారి పెళ్లి సంగతి తేలాల్సిందే.

చివరికి ఆవిడ నోటికి జడిసి కాళ్లు తగ్గించాను. జవాబు చెప్పేంత ఊపిరి మిగిలేలా మెల్లగా పరిగెత్తాను. "అయిందత్తా, ఆవిడది హోస్పేట" అన్నాను. "ఊఁ, పిల్లలా?" "ఇద్దరు." "ఆడా మగా?" ఇలా సాగింది. మాట తెగితే కాలు తగ్గిస్తాను, మాట సాఫీగా వస్తుంటే కాస్త పెంచుతాను. ఒకచోట అత్తకు ఎదురు మాట కూడా చెప్పాను, అదీ పరిగెడుతూనే. అప్పుడు తట్టింది, చాలాసేపటి నుంచి నేను ఆగలేదని. డొక్కలో పోటు లేదు. కాళ్లు ఎవరివో అన్నట్టు వాటి మానాన అవి పోతున్నాయి. నెలల తరబడి చేతకానిది ఇలా మాటల్లో పడి చేతనైనందుకు నాకు సంతోషం కన్నా ముందు ఉక్రోషం వచ్చింది.

సగం దారిలో నీళ్లు కనబడ్డాయి. ఒక తూము దగ్గర పలక పైకెత్తి ఉంది, నీళ్లన్నీ పక్క మడిలోకి మళ్లుతున్నాయి. నేను కట్టిన వేపమండ అక్కడే వేలాడుతోంది. పాత ఊరి రైతు ఒకాయన పారతో గట్టు సర్దుకుంటున్నాడు.

"మండ కట్టి ఉంటే ఎత్తారేం?" అని అరిచాను.

ఆయన అరవలేదు. "మండ ఉండాది సరేప్పా. నువ్వు యాడుండావు?" అన్నాడు. "నీళ్లెంట మనిషి రావల్ల. నీళ్లొచ్చి శానా సేపు సూసినా, మనిషి రాలేదు. తోడు లేని నీళ్లు ఎవురివైనా ఒగటే అని ఎత్తినా. నాదీ నారే గదా, ఎండిపోతాండాది."

అత్త ఆయన మడిలోకి తొంగిచూసింది. నారు మా నారులాగే పసుపుగా ఉంది.

"ఎంత తడిసింది?" అని అడిగింది.

"సగం తడిసినాదమ్మా."

"అయితే మిగతా సగమూ తడవనియ్యి. పలక సగానికి దించు. సగం నీకు, సగం కాలువకు. నీ మడి నిండాక పూర్తిగా దించెయ్. నిండేదాకా నేనిక్కడే కూర్చుంటా."

ఆయన పార పక్కన పెట్టి పలక సగానికి దించాడు. "నీ నారు యాడుండాది తల్లీ?" అన్నాడు. చిట్టచివర అని చెప్పింది. "అంత దూరమా" అని, ఆయన ఇంకొంచెం దించాడు. కాలువలో నీళ్లు మళ్లీ కదిలాయి.

అత్త తూము రాయి మీద కూర్చుని నాతో అంది: "ఇక నువ్వు వెళ్లు. ముందుకు పోకు, వెనకపడకు. నా మడి నీ చేతిలో ఉందిరా అబ్బాయ్. పై తూముల సంగతి కూడా చూసుకుని వస్తా." గొంతులో మొదటిసారి భయం వినబడింది. నాకూ భయం వేసింది. పొద్దు అప్పటికే పడమటికి వాలుతోంది.

ఈసారి నీళ్లతోనే ఉన్నాను. నెర్రెలున్న చోట అవి ఆగితే నేనూ ఆగి చెట్టు నీడన నిలబడ్డాను. గుంత నిండుతుంటే చూస్తూ కూర్చున్నాను. ముందుకెళ్లి చూసొద్దామా అని కాళ్లు పీకుతుండేవి, ఆపుకునేవాణ్ని. తూముల దగ్గర జనం పారలతో నిలబడి ఉన్నారు. నీళ్ల పక్కన నన్ను చూసి ఎవరూ పలక ముట్టలేదు. "నీరు బంతప్పా! నీళ్లొచ్చినాయి, మనిషి కూడా వస్తాండాడు" అని ఒక ముసలాయన కేకేశాడు. ఆ మాటకు నాకు వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు.

చివరి మైలుంపావు కాలువ వాలుగా ఉంటుంది. అక్కడ నీళ్లు ఒక్కసారి పరుగందుకున్నాయి. నడిస్తే అందవు. ఆ దారిలో ఇంకా మూడు తూములున్నాయి, మూడింటి దగ్గరా మనుషులున్నారు. పొద్దుటి నా పద్ధతిలో ఉరికితే మొదటి తూము దగ్గరే కూలబడతాను, నీళ్లు ఒంటరిగా పోతాయి, తర్వాత ఏమవుతుందో ఇందాక చూసిందే. అందుకని అత్త పక్కన ఉన్నట్టే మాట్లాడటం మొదలుపెట్టాను. అయ్యవారి పెళ్లి, బడి ముచ్చట్లు, పిన్ని గురక, ఏది తోస్తే అది, పైకే, గట్టిగా. మాట తెగకుండా చూసుకుంటూ అదే అడుగుతో పరిగెత్తాను. కలుపు తీసి ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె అడగనే అడిగింది, "ఎవురితో మాట్లాడుతాండావు నాయనా?" అని.

"మా అత్తతో" అన్నాను, ఆగకుండా.

"యాడుండాది మీయత్త?"

"వెనకాల వస్తోంది." ఆమె వెనక్కి చూసింది. ఖాళీ గట్టు. నా గురించి ఆ ఊళ్లో ఆ రోజు ఏమనుకున్నారో నేను తర్వాత కనుక్కోలేదు.

పొద్దు గుంకే వేళకు నీళ్లూ నేనూ కలిసే చేరాం. నారుమడి దగ్గర నాన్న పారతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. "మీ అత్తేది?" అన్నాడు. అత్త ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, నీళ్లు ఎక్కడ మళ్లాయో, అంతా ఒక్క గుక్కలో చెప్పాను. నాన్న వింటూనే గట్టుకు గండి కొట్టాడు. నీళ్లు మడిలోకి దిగాయి. చెల్లెలి మడికి ఆయన పార పట్టడం నేను చూడటం అదే మొదలు.

మసక చీకటి పడుతుండగా అత్త వచ్చింది. అదే నడక. మడిలోకి దిగి, వంగి, నారు మొదళ్లలో చెయ్యి పెట్టి చూసుకుంది. నాలుగు చోట్లా చూసుకుంది. ఏదైనా అంటుందని నాన్నా నేనూ ఎదురుచూశాం. ఏమీ అనలేదు. చెయ్యి అలాగే నీళ్లలో ఉంచుకుని చాలాసేపు ఉండిపోయింది. మెలకువగా ఉన్న మా అత్త నోరు మూతపడటం చూసింది అప్పుడే.

మర్నాడు బాబాయి వాళ్ల బండి కట్టారు. పెట్టె కోసం బండిలో చోటు ఉంచారు. బాబాయి పెట్టె ఎత్తబోతుంటే నాన్న వద్దని తానే పట్టుకుని లోపలికి తీసుకుపోయి మంచం కింద పెట్టి వచ్చాడు. ఆ చోట్లో పిన్నికోసం ఒక బస్తా కందులు వేశాడు. అత్త వీడ్కోలుకు కూడా లేదు. తెల్లారకముందే మడికి వెళ్లిపోయింది.

బండి వెళ్లిన కాసేపటికి అత్త పొలం నుంచి వచ్చి, వాళ్లకని పెట్టిన మాగాయ జాడీ వంటింట్లోనే ఉండిపోయిందని చూసి నెత్తి కొట్టుకుంది. "ఒరేయ్, అందుకోగలవా?" అంది. జాడీ చంకన పెట్టుకుని బయల్దేరాను. బండి అప్పటికే మోక ఊరికి పోయే దారిలో చాలా దూరం పోయింది, దుమ్ము ఒక్కటే కనబడుతోంది. నేను తొందరపడలేదు. జాడీ తొణక్కుండా, నాలో నేను మాట్లాడుకుంటూ, ఒకే అడుగుతో పోయాను. దుమ్ము దగ్గరైంది, తర్వాత ఎద్దుల గంటలు వినబడ్డాయి, తర్వాత పిన్ని ముఖం కనబడింది.

బండి ఆపకుండానే పిన్ని జాడీ అందుకుంది. నేను బండి పక్కన పరిగెడుతూనే ఉన్నాను. "ఇంత దూరం పరిగెత్తుకొచ్చావా? ఆయాసం రాలేదూ?" అంది. లేదన్నాను. ఆవిడ ఒళ్లో జాడీ సర్దుకుని, గొంతు తగ్గించి అడిగింది: "మీ అత్త ఇప్పుడు కాకపోతే మరి ఎప్పుడొస్తుందిరా?"

"రాదు పిన్నీ" అన్నాను. ఊపిరి ఇంకా మిగిలే ఉంది కాబట్టి తక్కినదీ చెప్పాను. "వచ్చే వారం నాట్లు. ఆవిడ పొలం, ఆవిడ లేకపోతే ఎలా?"